స్నో వైట్ రైడ్‌లో స్నో వైట్ ఎందుకు కనబడలేదు?

మీరు రెండు సంగతులు అడిగారు. 2009లో కాలిఫోర్నియాలోని డిస్నీలాండ్ అనే వినోద పార్కుకు వెళ్ళినప్పుడు నాలుగేళ్ల మీ అమ్మాయి స్నో వైట్ రైడ్ ఎక్కి, బయటికి వచ్చేదాకా మీ ఒళ్లో ముఖం దాచుకుని ఏడ్చిందనీ, ఈమధ్య అదే వయసున్న మీ మేనకోడలిని అదే చోట ఎక్కిస్తే ఆ పాప నవ్వుతూ దిగి మళ్ళీ ఎక్కుతానందనీ రాశారు. మీ జ్ఞాపకం పొరబడిందా, లేక రైడే మారిందా అన్నది మీ మొదటి ప్రశ్న. ఈ రైడ్‌ను మొట్టమొదట కట్టినప్పుడు అందులో స్నో వైట్ బొమ్మే లేదని ఎవరో చెప్పారట, అది నిజమేనా అన్నది రెండోది. మీ జ్ఞాపకం సరైనదే, మీకు చెప్పినవారి మాటా నిజమే. ఈ రెండూ వేర్వేరు విషయాల్లా కనిపిస్తాయి గానీ రెండింటికీ మూలం ఒక్కటే. ఆ రైడ్‌లో స్నో వైట్ లేకపోవడమూ, ఆ రైడ్ పిల్లల్ని ఏడిపించడమూ ఒకే ఆలోచన నుంచి పుట్టాయి. అందుకే జవాబు కలిపి, కొంచెం వివరంగానే రాస్తున్నాను.

నేను ఎవరినో ముందే చెబితే నా మాటలకు మీరు ఎంత విలువ ఇవ్వాలో మీకే తెలుస్తుంది. ముప్పై ఏళ్లుగా రంగస్థలానికి దీపాలు అమర్చే పని చేస్తున్నాను. మొదట హైదరాబాదులో, ఆ తరువాత డిస్నీలాండ్ ఉన్న అనహైమ్ పట్టణానికి దగ్గర్లో. ఆ పార్కులో నేను ఎన్నడూ ఉద్యోగం చేయలేదు. అయితే ఇరవై ఏళ్లకు పైగా ఆ రైడ్‌ను ఎక్కుతూ, ఏ బొమ్మ మీద ఏ వెలుగు ఎక్కడి నుంచి పడుతోందో చూస్తూ, దాని చరిత్రను చదువుతూ వస్తున్నాను.

కథను 1937 నుంచి మొదలుపెట్టాలి. ఆ ఏడాది డిసెంబరు 21న లాస్ ఏంజెలెస్‌లోని కార్తే సర్కిల్ థియేటర్‌లో డిస్నీ స్టూడియో వారి తొలి పూర్తి నిడివి యానిమేషన్ చిత్రం ‘స్నో వైట్ అండ్ ది సెవెన్ డ్వార్ఫ్స్’ ప్రదర్శితమైంది. గ్రిమ్ సోదరులు 1812లో అచ్చువేసిన జర్మన్ జానపద కథ దానికి ఆధారం. అసూయపడిన రాణి బారి నుంచి తప్పించుకుని అడవిలో ఏడుగురు మరుగుజ్జుల ఇంట తలదాచుకున్న రాకుమారి స్నో వైట్‌ను, ఆ రాణే మంత్రగత్తె రూపంలో వచ్చి విషపు ఆపిల్‌తో నిద్రలో ముంచే కథ అది. ఆ చిత్రానికి పనిచేసినవారిలో ఇద్దరు మన కథకు ముఖ్యులు. ఒకరు వాస్తుశిల్పం చదువుకుని కళాదర్శకుడైన కెన్ ఆండర్సన్, మరొకరు నేపథ్య దృశ్యాలకు రంగులు వేసిన క్లాడ్ కోట్స్. పదిహేడేళ్ల తరువాత వాల్ట్ డిస్నీ అనహైమ్‌లోని నారింజ తోటల నేల మీద పార్కు కట్టడానికి పూనుకున్నప్పుడు, పిల్లల కథలకు కేటాయించిన ఫాంటసీలాండ్ విభాగంలో ఈ రైడ్ రూపకల్పన పని వీరిద్దరి చేతుల్లోకి వచ్చింది. అంటే ఆ రైడ్‌ను కట్టినవారు తెర మీద అదే అడవిని, అదే కోటను అంతకుముందే గీసినవారు. వారికి ఆ కథలోని ప్రతి మూలా తెలుసు. తెలియనిదల్లా, ప్రేక్షకుడు కుర్చీలో కూర్చోకుండా ఆ బొమ్మలోకే నడిచి వస్తే ఏమవుతుందన్నది.

చీకటి గదుల్లో బండి మీద తిప్పే ఇటువంటి రైడ్‌లను అక్కడ డార్క్ రైడ్ అంటారు. అవి డిస్నీ కనిపెట్టినవి కావు. 1920ల చివర్లోనే లియాన్ కాసిడీ అనే ఆయన న్యూజెర్సీలో ఒంటి పట్టా మీద మెలికలు తిరుగుతూ పోయే చిన్న బండ్లను తయారుచేసి, ప్రెట్జెల్ అనే పేరుతో ఊరూరా సంతలకూ వినోద స్థలాలకూ అమ్మాడు. వాటిలో కథ ఉండేది కాదు. మలుపు తిరగ్గానే ఒక అస్థిపంజరం లేచేది, ఇంకో మలుపులో ఏదో పెద్ద చప్పుడు అయ్యేది, అంతే. ఆండర్సన్, కోట్స్‌లు చేసిన కొత్త పని ఏమిటంటే, ఆ భయాల వరుసను ఒక కథ వరుసగా మార్చడం. అయితే పాత సంతల రైడ్ నుంచి వారికి ఒక అలవాటు కూడా అంటివచ్చిందని నా అభిప్రాయం. మలుపు తిరిగితే ఎవరో ఒకరు మీద పడాలి అన్నదే ఆ అలవాటు.

1955 జూలై 17న డిస్నీలాండ్ తెరుచుకుంది. పార్కు మొత్తాన్ని దాదాపు ఒక ఏడాదిలో, సుమారు 1 కోటి 70 లక్షల డాలర్లతో కట్టారు. చివరికి వచ్చేసరికి డబ్బూ లేదు, సమయమూ లేదు. ఫాంటసీలాండ్ కట్టడాల ముఖభాగాలను రాతి కోటలుగా, పాతకాలపు యూరప్ ఊళ్లుగా తీర్చిదిద్దాలని అనుకున్నా, ఆఖరికి మధ్యయుగపు వీరుల పోటీల్లో వేసే రంగు గుడారాల వంటి అలంకరణతో సరిపెట్టారు. లోపల ఉన్నవి మామూలు పెద్ద షెడ్లు. వాటిలో మూడు డార్క్ రైడ్‌లు పెట్టారు. పీటర్ పాన్‌ది ఒకటి, మిస్టర్ టోడ్ అనే కప్పదొరది ఒకటి, మూడోది మనది. అప్పట్లో దాని పేరు స్నో వైట్స్ అడ్వెంచర్స్, అంటే స్నో వైట్ సాహసాలు. బండ్లను కాలిఫోర్నియాలోనే మౌంటెన్ వ్యూ పట్టణంలో ఉన్న యారో డెవలప్‌మెంట్ అనే చిన్న సంస్థ తయారుచేసింది.

ఆ షెడ్డు లోపల జరిగే మాయ గురించి కాస్త ఆగి చెప్పాలని ఉంది, ఎందుకంటే నా పనికి అదే దగ్గరిది. బొమ్మల్లో ఎక్కువ భాగం ప్లైవుడ్‌ను కోసి రంగు వేసిన కటౌట్లు. మీట తిరిగితే చేయి లేచి దిగడం, తల అటూ ఇటూ ఊగడం మించి వాటికి కదలిక లేదు. డిస్నీ సంస్థ పేరు తెచ్చుకున్న మాట్లాడే యంత్రపు బొమ్మలు ఆ పార్కులోకి వచ్చింది 1963లో. మరి ఇంత సాదా సామగ్రితో అడవినీ కోటనూ ఎలా చూపించారు? బ్లాక్ లైట్‌తో. అంటే కంటికి దాదాపు కనబడని అతినీలలోహిత కిరణాలను వదిలే దీపాలతో. మామూలు నల్ల రంగు వేసిన గోడ ఆ కిరణాల్లో పూర్తిగా మాయమైపోతుంది. ప్రత్యేకమైన ఫ్లోరసెంట్ రంగు మాత్రం ఆ కిరణాలను తాగి, తనలోంచి వెలుగు పుట్టినట్టు మెరుస్తుంది. గోడ కనబడదు కాబట్టి గది ఎంత చిన్నదో తెలియదు. అరచేయంత దూరంలో ఉన్న చెట్టు ఎక్కడో లోతైన అడవిలో ఉన్నట్టు తోస్తుంది. దీనికి తోడు పట్టాను మెలికలుగా వేసి, మధ్యమధ్యలో బండి తోసుకుంటూ పోయే రెక్కల తలుపులు పెట్టారు. తలుపు తెరుచుకునేదాకా తరువాతి దృశ్యం కనబడదు, వెనక్కి మూసుకోగానే పాత దృశ్యం పోతుంది. రంగస్థలం మీద తెర దించి ఎత్తే పనిని ఇక్కడ తలుపు చేస్తుంది.

సురభి నాటకాలు చూసినవారికి ఈ విద్య కొత్తగా అనిపించదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధ నాటకంతో మొదలైన ఆ సమాజాల వారు చిత్రించిన తెరలతో, వరుసగా నిలబెట్టిన పలకలతో, అదను చూసి మార్చే వెలుగుతో చిన్న వేదిక మీదే పాతాళాన్నీ అడవినీ చూపిస్తూ వచ్చారు. నేను వారి తెరల వెనుక నిలబడి ఎంతో నేర్చుకున్నాను. రెండింటికీ ఉన్న తేడా ఒక్కటే, అదే మీ ప్రశ్నకు ఆయువుపట్టు. సురభిలో మాంత్రికుడు వేదిక మీద రాకుమారిని భయపెడతాడు, మనం కింద కూర్చుని రాకుమారి కోసం భయపడతాం. డిస్నీలాండ్ షెడ్డులో ప్రేక్షకుణ్ణి వేదిక మీదకే ఎక్కించారు. అప్పుడు మాంత్రికుడు ఎవరిని భయపెట్టాలి?

దీనికి ఆండర్సన్ బృందం ఇచ్చిన జవాబు ఎంతో సాహసమైనది. బండిలో కూర్చున్నవారే స్నో వైట్ అని వారు నిర్ణయించారు. మీరు స్నో వైట్ కళ్లతో ఆ లోకాన్ని చూస్తారు. కాబట్టి మీకు మరుగుజ్జులు కనిపిస్తారు, కోటలో రాణి కనిపిస్తుంది, అడవిలో కొమ్మలు చేతులుగా చాపి పట్టుకోబోయే చెట్లు కనిపిస్తాయి, విషపు ఆపిల్ పట్టుకున్న మంత్రగత్తె కనిపిస్తుంది. మీరు మాత్రం మీకు కనబడరు కదా! అందుకే స్నో వైట్ బొమ్మను పెట్టలేదు. మరిచిపోవడం వల్లో, డబ్బు చాలకో జరిగింది కాదది, తెలిసి చేసిన పనే. పీటర్ పాన్ రైడ్‌లో పీటర్‌ను చూపకపోవడానికి కారణమూ ఇదే.

ఎక్కినవారికి ఈ సంగతి అర్థం కాలేదు. దిగగానే, స్నో వైట్ ఎక్కడ అని అడిగేవారు. తమనే స్నో వైట్ అనుకోవాలన్నది జనానికి అందలేదని ఆండర్సన్ స్వయంగా తరువాతి కాలంలో ఒప్పుకున్నారు. ఎందుకు అందలేదన్నది నేను చాలాసార్లు ఆలోచించాను. పేరులోనే చిక్కు ఉందని నాకు తోస్తుంది. మిస్టర్ టోడ్ రైడ్ పేరు కప్పదొర గారి అడ్డూ అదుపూ లేని ప్రయాణం అని. పేరు ప్రయాణాన్ని చెబుతోంది కాబట్టి, బండి నడిపేది తామేనని పిల్లలు ఇట్టే పట్టుకున్నారు. ‘స్నో వైట్ సాహసాలు’ అన్న పలక చదివి వరుసలో నిలబడిన పాప మాత్రం ఒక అమ్మాయిని చూడబోతున్నానని అనుకుంటుంది. ఆమెను నువ్వే స్నో వైట్‌వి అని లోపల ఎవరూ పలకరించరు. పైగా ఒకే బండిలో తండ్రీ, తాతా, ఇద్దరు పిల్లలూ కూర్చుంటే అందరూ ఒకే రాకుమారి కావాలి. తెర మీద కెమెరా చేయగల పనిని బండి చేయగలదని నమ్మారు గానీ, బండిలో ఉన్నవాడికి తానెవరో చెప్పే మాట ఒకటి కావాలని గుర్తించలేదు.

ఈ నిర్ణయం వల్ల వచ్చిన రెండో ఫలితం ఇంకా పెద్దది. కథలో స్నో వైట్ ఉన్నప్పుడు మన చూపు ఆమె మీద ఉంటుంది. ఆమె పాడుతుంది, ఇల్లు ఊడుస్తుంది, పక్షులతో మాట్లాడుతుంది. ఆ కోమలత్వం భయానికి విరుగుడుగా పనిచేస్తుంది. ఆమెను తీసివేస్తే మిగిలేది ఆమెను తరిమేవాళ్లే. రాణి చూపు, మంత్రగత్తె నవ్వు, చెట్ల కొమ్మలు, చెరలోని ఎముకల గూళ్లు, అన్నీ నేరుగా బండిలో ఉన్న నాలుగేళ్ల పాప వైపే తిరుగుతాయి. ఆపిల్ చాపేది ఆమెకే. చివర్లో మంత్రగత్తె ఎత్తు మీద నుంచి బండరాయిని దొర్లించబోయేదీ ఆమె మీదికే. రాకుమారుడు లేడు, మేలుకోవడం లేదు, తలుపులు తెరుచుకుని బయట ఎండలో పడడమే. చెప్పాలంటే అది మంత్రగత్తె సాహసాల రైడ్ అయింది. మన పల్లెల్లో బాలనాగమ్మ కథ విన్న పిల్లలకు రాత్రి కలలోకి వచ్చేది బాలనాగమ్మ కాదు, మాయల ఫకీరు. ఇక్కడ అయితే బాలనాగమ్మను పూర్తిగా తప్పించి ఫకీరును ఒక్కణ్ణే నిలబెట్టినట్టు అయింది.

1971 అక్టోబరు 1న ఫ్లోరిడాలో వాల్ట్ డిస్నీ వరల్డ్ తెరిచినప్పుడు ఈ రైడ్‌కు మరో తోబుట్టువును కట్టారు. అనహైమ్‌లో పదహారేళ్లుగా అందరూ అడుగుతున్న ప్రశ్నను విన్న తరువాత కూడా అక్కడ స్నో వైట్‌ను పెట్టలేదు. మంత్రగత్తె ఎక్కువసార్లు, ఎక్కువ దగ్గరగా ఎదురయ్యేది. చివర ఆమె పెద్ద రత్నాన్ని బండి మీదికి తోసేది. ఆ రైడ్‌ను చిన్నప్పుడు ఎక్కి, ఇప్పుడు నడివయసులో ఉన్న అమెరికన్లతో మాట్లాడితే ఆ నవ్వును ఇంకా మరిచిపోలేదంటారు. దీన్ని వారు ఫిర్యాదుగా చెప్పరు, ప్రేమతోనే చెబుతారు. భయపెట్టిన రైడ్ గుర్తుంటుంది, దానిలో అనుమానం లేదు. అయితే నాలుగేళ్ల పిల్లల ప్రాంతంలో, రాకుమారి పేరు పెట్టి, అంత భయాన్ని ఉంచడం తగదన్నదే నా మాట.

అనహైమ్‌లో అసలు మార్పు 1983లో వచ్చింది. ఆ ఏడాది మే 25న కొత్త ఫాంటసీలాండ్ తెరిచారు. ఆ పనికి టోనీ బాక్స్టర్ నాయకత్వం వహించాడు. 1955లో డబ్బు లేక వాయిదా పడిన పని అప్పుడు పూర్తయింది. గుడారాల స్థానంలో రాతి గోడలు, బురుజులు, పెంకుటిళ్లు వచ్చాయి. స్నో వైట్ రైడ్ ముఖభాగం చీకటి కోటగా మారింది. పైన ఒక కిటికీ పెట్టారు. నిర్ణీత వ్యవధికొకసారి దాని తెరలు తొలగి, రాణి కిందికి చూసి, మళ్ళీ తెరలు మూసుకుంటాయి. చాలామంది కింద నిలబడి ఫొటోలు తీసుకుంటూ ఆ కిటికీని గమనించరు. పేరును కూడా మార్చి, స్నో వైట్స్ స్కేరీ అడ్వెంచర్స్ అని పెట్టారు. భయపెట్టే సాహసాలు అని పలక మీదే రాయడంతో తల్లిదండ్రులకు ముందే తెలిసింది. మీరు 2009లో ఎక్కింది ఈ 1983 నాటి రూపాన్నే.

ఆ రూపంలో స్నో వైట్ తొలిసారి కనిపించింది, అదీ ఒక్కచోట మాత్రమే. మొదటి దృశ్యంలో మరుగుజ్జుల ఇంట్లో పాటా ఆటా సాగుతుండగా ఆమె మెట్లెక్కి పోతూ ఉంటుంది. ఆ తరువాత మళ్ళీ కనబడదు. బాగా గమనిస్తే ఇది ఒక రాజీ. ఆమె లేదని అడిగేవారికి ఆమెను చూపారు, ఆ వెంటనే పాత పద్ధతిలోనే ప్రేక్షకుణ్ణి ఆమె స్థానంలో వదిలిపెట్టి మిగతా భయమంతా అతని మీదికి తిప్పారు. చివర బండరాయి ఈసారి మరుగుజ్జుల మీదికి గురిపెట్టబడింది, మెరుపు మెరిసింది, మంత్రగత్తె పడింది. అంతలోనే బయటికి వచ్చేస్తాం. వారు సుఖంగా జీవించారన్న మాట గోడ మీద వేసిన బొమ్మలో ఉండేది. రెండు నిమిషాల భయానికి మందు గోడ మీది ఒక్క వాక్యం. మీ పాప ముఖం దాచుకుని ఉండగా ఆ వాక్యాన్ని చూసే అవకాశమే లేదు కదా!

అదే 1983 రూపంలో నాకు ఎంతో ఇష్టమైన రెండు కౌశలాలు ఉన్నాయి. మొదటిది అద్దం దృశ్యం. రాణి మనకు వీపు పెట్టి మాయాదర్పణం ముందు నిలబడి ఉంటుంది, అద్దంలో ఆమె అందమైన ముఖం కనిపిస్తూ ఉంటుంది. మన బండి దగ్గరికి రాగానే ఆమె గిర్రున తిరుగుతుంది, తిరిగిన ముఖం మంత్రగత్తెది. ఖరీదైన యంత్రం ఏమీ లేదు. అద్దంలో ఉన్నది రాణి ముఖమే, తిరిగే బొమ్మ మాత్రం మొదటినుంచీ మంత్రగత్తెదే. రంగస్థలం మీద ఇంత చవకగా ఇంత గట్టి దెబ్బ కొట్టడం నేను అరుదుగా చూశాను. రెండోది ఆపిల్. పాత రైడ్‌లో మంత్రగత్తె చాపిన ఆపిల్ బండిలోంచి చేయి చాపితే అందేంత దగ్గరగా ఉండేది, దాంతో ఎక్కినవారు దాన్ని లాక్కుని పోతుండేవారు. ఎన్నిసార్లు కొత్తది పెట్టినా పోయేది. 1983లో దాని స్థానంలో పుటాకార దర్పణంతో గాలిలో ఏర్పడే ప్రతిబింబాన్ని ఉంచారు. ఎర్రగా నిగనిగలాడుతూ కనిపిస్తుంది, పట్టుకోబోతే చేతికి గాలి తగులుతుంది. పాఠశాల భౌతికశాస్త్రంలో చదివిన నిజ ప్రతిబింబమే దొంగతనానికి విరుగుడు అయింది. విషపు ఆపిల్‌కు ఇంతకంటే తగిన రూపం మరొకటి దొరకదని నాకు అనిపిస్తుంది.

అదే ఏడాది ఏప్రిల్ 15న తెరిచిన టోక్యో పార్కులోనూ, 1992 ఏప్రిల్ 12న తెరిచిన పారిస్ పార్కులోనూ ఈ రైడ్ ఉంది. పారిస్ రైడ్ పేరులో ఏడుగురు మరుగుజ్జులను కూడా చేర్చారు, చివర రాకుమారుణ్ణి చూపారు. ఇక ఫ్లోరిడాలో 1994 డిసెంబరు నాటికి లోపలంతా తిరిగి కట్టి, స్నో వైట్‌ను పలు చోట్ల చూపించి, ముద్దుతో ఆమె మేలుకునే దృశ్యాన్ని కలిపారు. నేను పైన చెప్పిన సూత్రం ఇక్కడ మళ్ళీ రుజువైంది. ఆమె దృశ్యంలోకి వచ్చిన ప్రతిచోటా మంత్రగత్తె చూపు బండి మీది నుంచి తప్పుకుని ఆమె మీదికి మళ్ళింది, ఆ మేరకు పిల్లల భయం తగ్గింది. ఆ ఫ్లోరిడా రైడ్‌ను 2012 మే 31న శాశ్వతంగా మూశారు. ఆ చోట రాకుమార్తెల వేషధారులను కలిసి ఫొటోలు తీసుకునే మందిరాన్ని 2013లో తెరిచారు. నాకు అది నచ్చలేదు. కథను చెప్పే చోటును తీసివేసి కథానాయికతో ఫొటో దిగే చోటును పెట్టడం సరితూగే మార్పిడి కాదు. కొంత ఊరట ఏమిటంటే, 2014 మే 28న దగ్గర్లోనే తెరిచిన మరుగుజ్జుల గని రైలులో పాత రైడ్ నాటి కొన్ని మరుగుజ్జు బొమ్మలను మళ్ళీ వాడారు. రైలు చివరికి వచ్చేటప్పుడు ఒక ఇంటి కిటికీలోంచి స్నో వైట్‌తో కలిసి మరుగుజ్జులు ఆడడం కనిపిస్తుంది, ఆ పక్కనే తలుపు దగ్గర మంత్రగత్తె నిలబడి ఉంటుంది.

ఇప్పుడు మీ మేనకోడలు చూసిన రూపానికి వద్దాం. అనహైమ్ రైడ్‌ను 2020 జనవరిలో మరమ్మతుల కోసం మూశారు. మార్చి 14 నుంచి మహమ్మారి వల్ల పార్కే మూతపడింది. 2021 ఏప్రిల్ 30న పార్కు తిరిగి తెరిచిన రోజునే ఈ రైడ్ కొత్త పేరుతో వచ్చింది. స్నో వైట్స్ ఎన్‌చాంటెడ్ విష్, అంటే మాయ కోరిక. భయం అన్న మాట పలక మీది నుంచి పోయి, కోరిక వచ్చింది. లోపల దీపాలు మార్చారు, లేజర్ ప్రొజెక్షన్లు పెట్టారు, కొత్త సంగీతం కూర్చారు. మరుగుజ్జుల ఇంట్లో స్నో వైట్ ఇప్పుడు మెట్లెక్కి మాయం కాదు, వారితో కలిసి నాట్యం చేస్తుంది. గనిలో రత్నాల మెరుపులు మునుపటికంటే నిండుగా ఉన్నాయి. రాణి మంత్రగత్తెగా మారడం, అడవి, ఆపిల్ ఇవన్నీ అలాగే ఉన్నాయి. అంటే మీ అమ్మాయిని భయపెట్టినవాటిలో చాలావరకు తీసివేయలేదు. చివర మాత్రం నిద్రలో ఉన్న స్నో వైట్‌ను, ముద్దుపెట్టబోతున్న రాకుమారుణ్ణి, ఆ తరువాతి సంతోషాన్ని చూపించి బయటికి పంపుతారు. అరవై ఆరేళ్లకు ఆ షెడ్డులో కథ గోడ మీది బొమ్మలో కాక బండి దారిలోనే పూర్తయింది.

ఆ ముద్దు మీద 2021లోనే ఒక చర్చ నడిచింది. నిద్రలో ఉన్న అమ్మాయిని ఆమె అనుమతి లేకుండా ముద్దుపెట్టుకోవడాన్ని ఈ కాలపు పిల్లలకు కొత్తగా చూపించాలా అని ఒక పత్రిక సమీక్షలో ప్రశ్నించారు, దాని మీద అటూ ఇటూ చాలా వాదాలు జరిగాయి. నేను ఆ ప్రశ్నను తేలిగ్గా తీసిపారెయ్యను. దానికి పాత కథలోనే ఒక వెలుగు ఉందని గుర్తుచేస్తాను. గ్రిమ్ సోదరుల కథలో ముద్దు లేదు. రాకుమారుని సేవకులు గాజు పెట్టెను మోసుకుపోతుండగా ఒకరు పొదకు తట్టుకుని తూలిపోతే, ఆ కుదుపుకు గొంతులో అడ్డుపడిన ఆపిల్ ముక్క బయటపడి ఆమె లేచి కూర్చుంటుంది. 1812 నాటి మొదటి ముద్రణలో అయితే ఒక సేవకుడు విసుగుతో ఆమె వీపు మీద కొట్టడం వల్ల ఆ ముక్క ఊడిపడుతుంది. ఆ ముద్రణలో రాణి సవతి తల్లి కూడా కాదు, కన్నతల్లే. 1819లో ఆమెను సవతి తల్లిగా మార్చారు. చివర ఎర్రగా కాల్చిన ఇనుప పాదరక్షలు తొడిగి, రాణి చచ్చిపడేదాకా ఆడించారు. ఇటువంటి కథను ప్రతి తరమూ తన పిల్లల కోసం మార్చుకుంటూనే వచ్చింది. రైడ్‌ను కట్టినవారు చేసినదీ అదే. ముద్దు బదులు ఆ కుదుపునే చూపించి ఉంటే, పట్టా మీద నిజంగా కుదిపే బండి వారి చేతిలో ఉంది కదా అని ఒక దీపాల పనివాడిగా నాకు అనిపిస్తుంది.

మీరు మళ్ళీ వెళ్ళేటప్పుడు చూడదగినది ఆ పార్కులోనే ఇంకొకటి ఉంది, చెప్పడం మంచిది. నిద్రించే సుందరి కోటకు పక్కగా ఒక చిన్న జలపాతం, కోరికల బావి ఉన్నాయి. అక్కడ 1961లో అమర్చిన స్నో వైట్, మరుగుజ్జుల పాలరాతి విగ్రహాల్లో ఒక పొరపాటు దాగి ఉంది. చెక్కినవారు స్నో వైట్‌ను కూడా మరుగుజ్జులంత ఎత్తులోనే చెక్కారు. జాన్ హెంచ్ అనే కళాకారుడు ఆమెను జలపాతం పైన, అందరికంటే వెనుక నిలబెట్టాడు. దూరం వల్ల చిన్నదిగా ఉందని కన్ను తనకు తానే సర్దిచెప్పుకుంటుంది. 1937లో స్నో వైట్‌కు గొంతు ఇచ్చిన అడ్రియానా కాసెలొట్టి కొన్ని దశాబ్దాల తరువాత, పెద్ద వయసులో, ఈ బావి కోసం ఆ చిత్రంలోని తన పాటను మళ్ళీ పాడింది. రైడ్ లోపల స్నో వైట్ ఒక్కచోట కూడా లేని రోజుల్లో ఆమె ఆ జలపాతం దగ్గర బయటే నిలబడి ఉండేది.

మీ అమ్మాయిని కూడా ఈసారి తీసుకువెళ్ళండి. ఎక్కేముందు ఆ కోట ముందు కాసేపు నిలబడి, పైన కిటికీ తెరలు తొలగే సమయానికి చూడమనండి. లోపలికి వెళ్ళాక అద్దం దృశ్యం దగ్గర రాణి ముఖాన్ని కాక ఆమె వీపును చూస్తూ ఉండమనండి. 2009లో తనను ఏడిపించింది అద్దంలోని రాణి కాదనీ, మొదటినుంచీ అటు తిరిగి నిలబడి ఉన్న ఇంకో బొమ్మ అనీ ఈసారి తనే కనిపెడుతుంది.